అడుగుట, వినుట, మరల అడుగుట
(సి భాష నేర్చుకొనువారి కొరకు చేసిన ఉపన్యాస పాఠము)



తెలుగునాట గ్రంథాలయోద్యమము పుస్తకములను బీరువాలలో భద్రపరచుటతో తృప్తి నొందినది కాదు. 1914 ఏప్రిల్ 10వ తేదీన విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినది. అయ్యంకి వేంకటరమణయ్యగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మున్నగు పెద్దలు చదువు రానివానిచే గ్రంథాలయపు గడప దాటించుటయే ముఖ్యమని తలచి పనిచేసిరి. నేడు చదువు అను మాటకు అర్థము విస్తరించినది. కంప్యూటరుతో పని చేయించుకొనుటయు అందులో చేరినది. కావున గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున సి భాషను గూర్చి నాలుగు మాటలు చెప్పుట అసందర్భము కాదు.

బొబ్బిలి పరిసరముల విద్యార్థులకు ఈ భాష దూరపుది కాదు. విజయనగరమున 2007లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన ఇంజనీరింగు కళాశాల వెలసినది. 2022లో అచ్చటనే గురజాడ పేర ప్రత్యేక సాంకేతిక విశ్వవిద్యాలయ మేర్పడినది. అట్టి కళాశాలలలో గాని, పాలిటెక్నిక్కులలో గాని చేరిన బాలబాలికలు సామాన్యముగా తొలి దినములలోనే సి భాషను ఎదుర్కొందురు. మొదటి ప్రోగ్రాము తెరపై ఒక పలకరింపును అచ్చొత్తును. అది సులభముగానే సాగును. రెండవ ప్రోగ్రాము ఎదుట కూర్చున్న మనుష్యుని పేరు అడుగును. చిక్కు అచ్చటనే మొదలగును. యంత్రము ఒక ప్రశ్నకు ఆగును, మరియొక ప్రశ్నకు ఆగదు. ఇచ్చిన సంఖ్య యొకటి, చూపు సంఖ్య మరియొకటి. ఇట్టి చోటనే పెక్కుమంది పిల్లలు ఈ విద్య తమకు అబ్బదని తలచి వెనుకకు మరలుచున్నారు. లోపము వారి బుద్ధిలో లేదు. సమాధానమును స్వీకరించు పద్ధతిలో నున్నది.

ఆ పద్ధతి నిజమునకు పల్లెలకు క్రొత్తది కాదు. తపాలా కార్యాలయపు అరుగుమీద కూర్చుండి, వ్రాయుట రానివారికి మనియార్డరు ఫారము నింపిపెట్టిన పెద్దమనుషులను ముసలివారందరు ఎరుగుదురు. అట్టివాడు మొదట స్పష్టముగా అడుగును. చెప్పినదంతయు చివరివరకు వినును. విన్నదానిని తూచి చూచును. తేలనిచో మరల అడుగును. తుదకు వ్రాసినదానిని చదివి వినిపించి, సరియేనా అనును. వచ్చినవాని యింటిపేరు పొడుగైనదని వానిని కోపించువాడు ఎవ్వడును ఉండడు. సి భాషలో ప్రోగ్రాము వ్రాయువాడు యంత్రమునకు ఈ మర్యాదనే నేర్పవలెను. తక్కినది వివరము.

సి భాషను 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డెన్నిస్ రిచీ రూపొందించెను. 1978లో బ్రయన్ కెర్నిగాన్‌తో కలిసి ఆయన వ్రాసిన గ్రంథము లోకమంతట వ్యాపించినది. ఈ భాష మితభాషి. ప్రోగ్రాము వ్రాయువానిని సంపూర్ణముగా నమ్మును. ఇరువది బైటుల పెట్టెలో నలుబది బైటులు పోయుమన్నచో, పట్టునా పట్టదా అని విచారింపదు. ఆ నమ్మకమే దాని వేగమునకు మూలము. అజాగ్రత్తగా నున్నవానికి అదియే గండము.

ఒక చిన్న ఉదాహరణము తీసికొనవచ్చును. గ్రంథాలయ సభ్యత్వ పట్టిక కొరకు ఒక విద్యార్థి ప్రోగ్రాము వ్రాయుచున్నాడనుకొందురు గాక. ప్రశ్నలు అయిదు: పేరు, వయస్సు, పిన్ కోడు, పుట్టిన తేదీ, పుస్తకము ఇంటికి కావలెనా అనునది. చివరిదానికి అవుననుటకు వై అను ఆంగ్లాక్షరమును, కాదనుటకు ఎన్ అను అక్షరమును నొక్కిన చాలును.

సమాధానము యంత్రము లోనికి ఎట్లు చేరునో మొదట తెలియవలెను. మనుష్యుడు మీటలు నొక్కుచున్నంతసేపు ఆ అక్షరములు సాధారణముగా ప్రోగ్రామునకు అందవు. ఎంటర్ మీట నొక్కినప్పుడే పంక్తి యంతయు ఒక్కసారిగా అందును. ఆ పంక్తి చివర ఎంటర్ మీట గుర్తుగా పంక్త్యంతపు అక్షరము ఒకటి కూడ ఉండును. కంటికి కనబడదు గాని అదియు ఒక అక్షరమే. చెరువు తూము ఎత్తిన తరువాత మొదటి మడి తీసికొనగా మిగిలిన నీరు కాలువలోనే నిలిచి రెండవ మడికి పోయినట్లు, ప్రోగ్రాము మొదటి ప్రశ్నకు తీసికొనక విడిచినదంతయు నిలిచియుండి రెండవ ప్రశ్నకు సమాధానముగా పోవును. తొలి పాఠములలో కలుగు వింతలలో పెక్కింటికి ఇదియే మూలము.

పాఠ్యపుస్తకములు మొదట చూపు సాధనము స్కాన్‌ఎఫ్ అను ఫంక్షను. దీనికి ఒక అచ్చును, విలువను ఉంచవలసిన పెట్టె చిరునామాను ఇయ్యవలెను. పూర్ణసంఖ్య కావలెనన్న శాతపు గుర్తు ప్రక్కన డి అనియు, మాట కావలెనన్న ఎస్ అనియు, ఒక్క అక్షరము కావలెనన్న సి అనియు అచ్చులో వ్రాయుదురు. సంఖ్యను దాచు చరరాశి పేరునకు ముందు అండ్ గుర్తు నుంచుట చిరునామా నిచ్చుటయే. అది మరచినచో, ఇంటిలోనున్న వస్తువును చూచి అదియే ఇంటి చిరునామా యనుకొన్నట్లగును. యంత్రము సంబంధములేని చోట వ్రాయబోయి ప్రోగ్రామునే కూల్చవచ్చును. అక్షరముల వరుసకు మాత్రము దాని పేరే మొదటి గడి చిరునామాగా పనిచేయును గనుక ఆ గుర్తు అక్కరలేదు.

స్కాన్‌ఎఫ్ తన పని ముగించి ఒక సంఖ్యను తిరిగి ఇచ్చును. అడిగిన విలువలలో ఎన్ని దొరికినవో ఆ సంఖ్య చెప్పును. ఒకటి అడుగగా ఒకటి వచ్చినచో మేలు. సున్న వచ్చినచో ఏమియు దొరకలేదని భావము. చాలమంది ఈ సంఖ్యను చూడనే చూడరు. అడిగి, సమాధానము రాకముందే కలము కదపినవానికిని వీరికిని భేదము లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. పేరేమని యంత్రము అడిగినది. 1757 జనవరి 24వ తేదీన జరిగిన బొబ్బిలి యుద్ధమును తలచుకొని ఒక బాలుడు తాండ్ర పాపారాయుడు అని టైపు చేసెననుకొందురు గాక. శాతపు గుర్తు ఎస్ అను అచ్చు ఖాళీ వచ్చినంతనే ఆగిపోవును. పట్టికలో తాండ్ర అని మాత్రము పడినది. పాపారాయుడు కాలువలో మిగిలిపోయినాడు. రెండవ ప్రశ్న వయస్సు. అచ్చట యంత్రము అంకెలు కోరుచున్నది. ఎదుట నున్నది ప అను అక్షరము. స్కాన్‌ఎఫ్ దానిని తాకక, సున్న నిచ్చి తిరిగిపోవును. వయస్సు పెట్టెలో అంతకుముందున్న చెత్త విలువయే నిలిచియుండును. పిన్ కోడునకును అదే గతి. బాలుడు మీటమీద వేలు పెట్టకముందే ప్రశ్నలు వరుసగా తెరపైకి పరుగెత్తును. సరియైన సంఖ్య వచ్చువరకు తిరిగి అడుగుమని చక్రములో పెట్టినచో మరింత చిక్కు: ఆ ప కదలదు గనుక చక్రము ఎన్నటికిని ఆగదు.

ఇందులో గమనింపదగినది మరియొకటి కలదు. పాశ్చాత్యులలో పెక్కుమంది సొంత పేరును ముందును, వంశనామమును వెనుకను వ్రాయుదురు. ఖాళీ వద్ద ఆగు ప్రోగ్రాము వారి వంశమును విడిచి మనిషిని నిలుపును. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాయుదురు గనుక, అదే ప్రోగ్రాము ఇంటిపేరును నిలిపి మనిషిని విడుచును. ఒకే యింటిపేరు గల పదిమంది సభ్యులున్న ఊరిలో పట్టిక పదిసార్లు ఒకే మాటను చూపును. విదేశములకు పోయిన తెలుగువారు పేరు ముందరి పొడి అక్షరములను విడదీసి వ్రాయవలసి వచ్చినప్పుడును, ఏది వంశనామము, ఏది సొంత పేరు అని ఫారము అడిగినప్పుడును పడు తికమక దీనికి దగ్గరి చుట్టము. ఖాళీలు విడిచిపెట్టి పేరు కలిపి వ్రాయుడని చెప్పువారు కలరు. పట్టిక కొరకు మనిషి పేరును మార్చుకొమ్మనుట మర్యాద కాదు, పట్టికనే దిద్దవలెను.

పూర్వము పంక్తిని మొత్తముగా చదువుటకు గెట్స్ అను ఫంక్షను వాడుకలో నుండెను. ఖాళీలున్నను అది ఆగదు; కాని పెట్టె ఎంత పెద్దదో దానికి చెప్పుటకు మార్గమే లేదు. వచ్చినదంతయు పోయును, పెట్టె నిండిన పిమ్మట ప్రక్క జాగాలలో కూడ వ్రాయును. 1988 నవంబరు 2వ తేదీన ఈ లోపము లోకమునకు తెలిసివచ్చినది. రాబర్ట్ టాపన్ మోరిస్ అను విద్యార్థి విడిచిన ఒక ప్రోగ్రాము ఆనాటి ఇంటర్నెట్టులో ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ప్రాకినది. అది వాడుకొనిన దారులలో ఒకటి, గెట్స్ ద్వారా సమాధానము తీసికొను ఒక సేవా ప్రోగ్రాము. దాని పెట్టె 512 బైటులు. మోరిస్ ప్రోగ్రాము పంపినది 536 బైటులు. పొంగి పొరలిన కొలది బైటులు యంత్రమును వేరు త్రోవ పట్టించినవి. దాదాపు 6000 యంత్రములు దాని వాతబడినవని ఆనాటి అంచనా. తుదకు 2011లో వెలువడిన సి భాషా ప్రమాణమునుండి గెట్స్‌ను పూర్తిగా తొలగించిరి. పాత పుస్తకములలో అది ఇంకను కనబడును, కనబడినచోట దాటిపోవలెను. పరిమాణము చెప్పని స్కాన్‌ఎఫ్ ఎస్ అచ్చునకును ఇదే దోషము కలదని మరువరాదు.

వాడదగినది ఎఫ్‌గెట్స్ అను ఫంక్షను. దీనికి మూడు విషయములు చెప్పవలెను: పెట్టె ఏది, దాని పరిమాణమెంత, ఎచ్చటినుండి చదువవలెను. కీబోర్డునుండి యైనచో మూడవదానికి ఎస్‌టిడిఇన్ అని వ్రాయుదురు. పరిమాణము 50 అన్నచో అది 49 బైటులకు మించి తీసికొనదు. చివరి బైటును మాట ముగిసిన గుర్తుగా సున్న కొరకు ఉంచును. ఖాళీల వద్ద ఆగదు. పంక్తి ముగిసినప్పుడు ఆగును. పంక్త్యంతపు అక్షరమును కూడ పెట్టెలోనే చేర్చును. దానిని వెదకి ఆ చోట సున్న నుంచుట ప్రోగ్రాము వ్రాయువాని పని.

పెట్టె ఎంత పెద్దదిగా నుండవలెననునది తెలుగువారు ప్రత్యేకముగా ఆలోచింపవలసిన ప్రశ్న. ఆంగ్లాక్షరము ఒక బైటులో ఇముడును. యూనికోడులో తెలుగునకు 1991 నాటి తొలి ప్రతిలోనే స్థానము దొరకినది. కాని నేడు విరివిగా వాడబడు యు.టి.ఎఫ్.-8 అను పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడేసి బైటులు పట్టును. 1992లో ఈ పద్ధతిని కనిపెట్టినవారు కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు. థాంప్సన్ రిచీకి సహచరుడే. బొబ్బిలి అను మాటను కన్ను మూడక్షరములుగా చూచును. యంత్రమున కది హల్లులును, గుణింతపు గుర్తులును, పొల్లును కలిసి ఎనిమిది గుర్తులు. అనగా 24 బైటులు. తాండ్ర అను మాట 18 బైటులు, ఖాళీ 1, పాపారాయుడు 30. మొత్తము 49 బైటులు.

ఈ లెక్క చేతనుంచుకొని మూడు పెట్టెలను పరీక్షింపవచ్చును. పెట్టె 20 బైటులదైనచో, తాండ్ర అను మాటయు ఒక ఖాళీయు మాత్రమే పట్టును. పెట్టె 30 అయినచో 29 బైటులు పట్టును: తాండ్ర, ఖాళీ, పాప, దానిపైని దీర్ఘమునకు చెందిన మూడు బైటులలో ఒక్కటి. ఆ విరిగిన ముక్కను తెర చూపజాలక ప్రశ్నార్థకమునో, ఖాళీ చతురస్రమునో చూపును. తెలుగు అక్షరములు చెడిపోయినవని జనులు అనుకొను సందర్భములలో కొన్ని ఇట్టివే. చెడినది అక్షరము కాదు, కోసినచోటు. పెట్టె 50 అయినచో పేరంతయు అందముగా పట్టును, కాని పంక్త్యంతపు అక్షరమునకు చోటులేక అది కాలువలో మిగులును. తరువాతి ప్రశ్నకు ఖాళీ పంక్తి సమాధానముగా పోవును. 51 బైటులున్నచోనే ఈ పేరు పూర్తిగా ఇముడును. కావున పేరునకు 256 బైటులు కేటాయించుట దుబారా కాదు. అప్పటికిని పట్టనంత పంక్తి రావచ్చును. పెట్టెలో పంక్త్యంతపు అక్షరము కనబడనిచో, అది వచ్చువరకు గాని, సమాచారము ముగియువరకు గాని మిగిలినదానిని గెట్‌చార్ ద్వారా ఒక్కొక్కటిగా తీసి పారవేసి, పేరు పొడుగైనదని మర్యాదగా తెలిపి మరల అడుగవలెను.

సంఖ్యల విషయమునను ఇదే మార్గము. మొదట పంక్తిని మొత్తముగా తీసికొనవలెను. తరువాత దానిని సంఖ్యగా మార్చవలెను. ఏటాయ్ అను ఫంక్షను సులభమైనది గాని మాటలు వచ్చినను సున్న, నిజముగా సున్న వచ్చినను సున్న చెప్పును. రెంటికిని భేదము తెలియదు. స్టర్‌టాల్ అను ఫంక్షను మేలైనది. సంఖ్యతోపాటు తాను చదువుట ఎచ్చట ఆపినదో కూడ అది చూపును. చదువుట మొదలైనచోటనే ఆగినచో అంకెలు లేవని అర్థము. మధ్యలో ఆగినచో అంకెల వెనుక మరేదో కలదు. వయస్సు అడుగగా 24 ఏండ్లు అని వ్రాసినవాడు తప్పు చేయలేదు. అడిగినదానికి నిండుగా బదులు చెప్పినాడు. దానిని అంగీకరించుటయో, అంకెలు మాత్రమే వ్రాయుడని కోరుటయో ముందే నిర్ణయించుకొనవలెను. నిర్ణయింపక విడుచుటయే దోషము.

వయస్సును తెలుగు అంకెలలో ౨౪ అని వ్రాసినవాడును తప్పు చేయలేదు. స్టర్‌టాల్ వానిని గుర్తింపదు. కాని తెలుగు అంకె ప్రతిదియు మూడు బైటులు. మొదటిది 224, రెండవది 177, మూడవది సున్నకు 166 మొదలుకొని తొమ్మిదికి 175 వరకు. మూడవ బైటునుండి 166 తీసివేయగా అంకె విలువ తేలును. ఇంటివద్ద చేసి చూచుటకు ఇంతకన్న మంచి అభ్యాసము లేదు. దీనిని చేయువారు ఒక జాగ్రత్త వహింపవలెను. పెక్కు యంత్రములలో అక్షరపు పెట్టె రుణసంఖ్యలను కూడ ధరించును. అచ్చట 224 అను బైటు రుణ 32గా కనబడును. ఇది అంకెయా అని పరీక్షించు ఈజ్‌డిజిట్ వంటి ఫంక్షనులకు అట్టి విలువ నిచ్చుట నిషిద్ధము. ముందుగా గుర్తులేని అక్షరముగా మార్చి యియ్యవలెను. ఆంగ్లమున మాత్రమే పరీక్షించినవానికి ఈ చిక్కు ఎన్నడును ఎదురుపడదు. తెలుగు టైపు చేసిన తొలినాడే ఎదురుపడవచ్చును.

పిన్ కోడు కథ వేరు. భారతదేశమున ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైనది. సి భాషకు ఇంచుమించు సమవయస్కము. బొబ్బిలి పిన్ కోడు 535558. ఆంధ్రదేశపు కళాశాలలలో దీర్ఘకాలము వాడుకలోనుండిన టర్బో సి అను సాధనములో సామాన్య పూర్ణసంఖ్యకు 16 బిట్ల చోటే ఉండెను. అందులో పట్టు పెద్ద సంఖ్య 32767. ఆ చిన్న పెట్టెలో 535558 ఇమడదు. 65536 చొప్పున ఎనిమిదిసార్లు తీసివేయగా మిగులు 11270 మాత్రమే అందులో పట్టదగినది. అది యైనను వచ్చునని భాష హామీ యియ్యదు. నేటి యంత్రములలో పూర్ణసంఖ్యకు సామాన్యముగా 32 బిట్లు, హద్దు 2147483647. పిన్ కోడు ఇముడును గాని పది అంకెల సెల్‌ఫోను సంఖ్య ఇమడదు. అసలు విచారింపవలసినది వేరొకటి. పిన్ కోడులను ఎవ్వరును కూడరు, హెచ్చవేయరు. అది సంఖ్యవలె కనబడు పేరు. కావున దానిని అక్షరముల వరుసగానే ఉంచి, ఆరు అంకెలున్నవా, మొదటిది సున్న కాక యున్నదా అని చూచిన చాలును. సున్నతో మొదలగు సభ్యత్వ సంఖ్యలకును ఇదే ఉపాయము. 0108ని పూర్ణసంఖ్యగా మార్చినచో ముందరి సున్న పోయి 108 మిగులును.

పుట్టిన తేదీ విషయమున ఒక వింత కలదు. తేదీని 24-01-1757 అని వ్రాయు అలవాటు అందరికిని తెలిసినదే. ముందు తీసికొన్న పంక్తినుండి ఎస్‌స్కాన్‌ఎఫ్ ద్వారా మూడు పూర్ణసంఖ్యలు అడుగవచ్చును. అచ్చులో నడిమి అడ్డగీతలను వ్రాయుట మరచినచో, యంత్రము ఆ గీతలను రుణ చిహ్నములుగా గ్రహించి, దినము 24, నెల రుణ 1, సంవత్సరము రుణ 1757 అని చెప్పును. మూడు సంఖ్యలును దొరకినవి గనుక లెక్క సరిపోయినట్లే కనబడును. ఇంకొక ఉచ్చు డి బదులు ఐ అను అచ్చును వాడుటలో నున్నది. ఐ అచ్చు సున్నతో మొదలైన సంఖ్యను అష్టాంక పద్ధతిలో చదువును. అందులో 8, 9 అంకెలు లేవు. కావున 26-01-1950 చక్కగా చదువబడును. 15-08-1947 మాత్రము నెల వద్ద సున్న చూచి ఆగిపోవును. జనవరిలో పరీక్షించిన ప్రోగ్రాము ఆగస్టు వరకు లోపము చూపకపోవచ్చును. దొరికిన మూడు సంఖ్యలును నిజమైన తేదీయేనా, ఆ నెలలో అన్ని దినములు కలవా, ఆ సంవత్సరము ఫిబ్రవరికి 29 కలదా అనునది వేరుగా చూడవలెను.

చివరిది వై, ఎన్ ప్రశ్న. స్కాన్‌ఎఫ్ ద్వారా సంఖ్య నడిగిన తరువాత శాతపు గుర్తు సి అచ్చుతో ఒక్క అక్షరము నడిగినచో, మునుపటి ఎంటర్ మీట విడిచిన పంక్త్యంతపు అక్షరమే సమాధానముగా వచ్చును. అచ్చులో సి గుర్తునకు ముందు ఒక ఖాళీ నుంచినచో యంత్రము అట్టి మిగులును దాటిపోవును. ఎస్‌టిడిఇన్‌పై ఎఫ్‌ఫ్లష్ ప్రయోగించి కాలువను శుభ్రపరచుట కొన్ని బోధనలలో కనబడును. సి ప్రమాణము దానికి అర్థమే చెప్పలేదు. ఒక యంత్రములో పనిచేసి మరియొకదానిలో చేయకపోవచ్చును. ప్రతి ప్రశ్నకును ఎఫ్‌గెట్స్ ద్వారా పూర్తి పంక్తిని తీసికొను అలవాటున్నవానికి ఈ బాధయే లేదు. ప్రశ్న ప్రశ్నకు కాలువ ఎండిపోవును.

సమాధాన మియ్యకయే మనుష్యుడు ముగించుటయు కలదు. లినక్సులో కంట్రోలు డి, విండోసులో కంట్రోలు జెడ్ నొక్కి సమాచారము ముగిసినదని చెప్పవచ్చును. అప్పుడు ఎఫ్‌గెట్స్ శూన్యమగు చిరునామాను తిరిగి ఇచ్చును. దానిని గమనింపని ప్రోగ్రాము పాత సమాధానమునే మరల మరల చదువుచు తిరుగును. గమనించినది సెలవు తీసికొని ఆగును.

ఇన్ని జాగ్రత్తలును కలిపిన నాలుగు మెట్లే యగును. అడుగుట: ఏమి కావలెనో, ఏ రూపమున కావలెనో ప్రశ్నలోనే ఒక ఉదాహరణముతో చెప్పవలెను. వినుట: పంక్తిని పూర్తిగా, హద్దు తప్పక తీసికొనవలెను. తూచుట: దొరికినదేమి, మిగిలినదేమి, విలువ హద్దులలో నున్నదా అని చూడవలెను. మరల అడుగుట: తేలనిచో కారణము చెప్పి ఇంకొక అవకాశ మియ్యవలెను. తప్పు అను ఒక్క మాట తెరపై చూపుట సులభము. వయస్సును అంకెలలో వ్రాయుడు, ఉదాహరణమునకు 24 అని చూపుటకు ఒక పంక్తి ఎక్కువ పట్టును. ఆ పంక్తి వలన తొలిసారి కీబోర్డును తాకిన ముసలితల్లి భయపడక రెండవసారి ప్రయత్నించును. తుదకు పట్టికలో చేర్చుటకు ముందు అన్నిటిని తెరపై చూపి, సరియేనా అని అడుగవలెను.

గ్రంథాలయమున కంప్యూటరు నేర్చు పిల్లలు ఒక ఆచారము పెట్టుకొన్నచో మేలు. ఒకరు వ్రాసిన ప్రోగ్రామును ఇంకొకరు పరీక్షింపవలెను. పేరు అడిగినచోట పొడుగైన యింటిపేరుతో తెలుగున పేరు వ్రాయవలెను; సంఖ్య అడిగినచోట మాట వ్రాయవలెను; ఏమియు వ్రాయక ఎంటర్ మీట మాత్రము నొక్కవలెను; ఆగస్టు నెల తేదీ ఇయ్యవలెను. ప్రోగ్రాము కూలినచో నవ్వక, ఎచ్చట ఏ అక్షరము మిగిలిపోయినదో ఇద్దరును కలిసి వెదకవలెను. ఒక సాయంకాలము ఇట్లు గడపినవారికి పుస్తకములోని పది పుటలు చెప్పలేని సంగతి తెలియును.

నేడు రేషను, పింఛను, పరీక్ష, ఉద్యోగము అన్నిటికిని మనుష్యుడు ఏదో యొక తెరయెదుట తన పేరు చెప్పుకొనవలసి వచ్చుచున్నది. ఆ తెర వెనుక ప్రోగ్రాము వ్రాయువారు రేపు ఈ పల్లెల పిల్లలే కావచ్చును. పొడుగైన యింటిపేరును, తెలుగు అంకెను, తడబడిన వ్రేలిని ఎరిగిన పిల్లలు వ్రాసిన ప్రోగ్రాము ఎదుటివానిని సగము విని కలము కదపదు. చదువు రానివాని మాటను పూర్తిగా విని వ్రాసిపెట్టుట గ్రంథాలయమునకు మొదటినుండియు ఉన్న ధర్మము. యంత్రమునకు ఆ ధర్మమును నేర్పుట తరువాతి పాతికయేండ్లకు తగిన పని.